బహుశా అనే చిన్న మాట

రవి చూడలేని చోటును కూడా కవి చూస్తాడని మన పెద్దలు చెప్పిన మాట. వక్తృత్వ పోటీల్లో ఈ మాటతో మొదలుపెట్టనివాళ్లు తక్కువ. నేనూ రెండుసార్లు దీనితోనే మొదలుపెట్టాను, ఒకసారి బహుమతి కూడా వచ్చింది. అయితే పోయిన సంవత్సరం నుంచి ఈ మాట మీద నాకొక అనుమానం పట్టుకుంది. కవి చూసింది నిజంగా అక్కడ ఉన్నదేనా? లేక తాను చూడాలనుకున్నది చూసి, అదే అక్కడ ఉందని మనకు చెబుతున్నాడా? ఊహకు హద్దులు లేవని అందరూ అంటారు. ఒకవేళ ఉంటే, వాటిని తెలుసుకోవడం మనకు లాభమా, నష్టమా?

ఈ అనుమానం నాకు పుస్తకం చదివితే రాలేదు. మా తరగతి మిత్రుడి తండ్రి చనిపోయారు. పదిహేను రోజుల తర్వాత వాడు బడికి వచ్చాడు. మధ్యాహ్నం భోజనాల వేళ వేపచెట్టు కింద ఒక్కడే కూర్చున్నాడు. నేను పోయి పక్కన కూర్చుని, "నీ బాధ నాకు తెలుసురా" అన్నాను. వాడు డబ్బా మూతపెట్టి, "నీకెట్ల తెలుసు? మీ నాయన ఉండాడు కదా" అని లేచిపోయాడు. కోపంగా అనలేదు. లెక్కలో ఒక మెట్టు అర్థంకాక అడిగినట్టు అడిగాడు. అందుకే నాకు జవాబు తోచలేదు.

నిజమే, నాకెట్లా తెలుసు? మా నాన్న లేకపోతే ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. ఆ ఊహకు నాకే ఏడుపొచ్చింది. కాని అది నా ఊహ, నా ఏడుపు. వాడి లోపల ఏముందో అందులో ఎంతవరకు ఉంది?

ఆ తర్వాత కొన్ని వారాలకు మా ఇంగ్లీషు సార్ కీట్స్ అనే కవి గురించి చెబుతూ, ఊహ గురించి ఇంగ్లాండులో రెండు వందల ఏళ్ల కిందట పెద్ద వాదమే నడిచిందని అన్నారు. వేపచెట్టు కింద నా మిత్రుడు అడిగిన ప్రశ్న కూడా ఆ వాదంలోనిదేనని నాకు తోచింది. అందుకే ఈ వ్యాసం.

సంశయవాదం అన్న పేరు వినగానే, ఏదీ నమ్మనివాళ్ల మొండివాదం అనిపిస్తుంది. అసలు అది ఒక ప్రశ్న మాత్రమే. "నీకు తెలుసని నీకెలా తెలుసు?" అని అడుగుతుంది. మసక వెలుతురులో తాడును చూసి పాము అనుకునే ఉదాహరణ మన వేదాంతంలో ఉంది. పాము లేదని తర్వాత తెలుస్తుంది. కాని భయపడిన ఆ క్షణంలో మనకు పాము ఎంత స్పష్టంగా కనబడింది! స్పష్టంగా కనబడినంత మాత్రాన నిజం కాదని ఆ ఉదాహరణ చెబుతుంది.

ఇంగ్లీషు లోకంలో ఈ ప్రశ్నను చాలా గట్టిగా అడిగినవాడు డేవిడ్ హ్యూమ్. 1711లో స్కాట్లండులోని ఎడింబరోలో పుట్టాడు. మానవ స్వభావం మీద తన పెద్ద గ్రంథాన్ని 1739, 1740 సంవత్సరాల్లో అచ్చువేశాడు. అది మొదలైనప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు కూడా నిండలేదు. రేపు సూర్యుడు ఉదయిస్తాడని మనం ఎందుకు నమ్ముతాం? ఇన్నాళ్లూ ఉదయించాడు కాబట్టి. అది అలవాటే తప్ప రుజువు కాదన్నాడు హ్యూమ్. 1748లో వచ్చిన మరో పుస్తకంలో ఊహ గురించి కూడా ఒక మాట చెప్పాడు. మనిషి ఊహ ఎక్కడికైనా ఎగరగలదని పైకి అనిపిస్తుంది, కాని అది చాలా ఇరుకైన చోటులోనే తిరుగుతుంది అన్నాడు. దానికి ఆయన ఇచ్చిన ఉదాహరణ బంగారు కొండ. మన అమ్మలు పిల్లల్ని ముద్దుగా పిలిచే మాటే అది! బంగారు కొండను ఎవరూ చూడలేదు. కాని బంగారాన్ని చూశాం, కొండను చూశాం, రెండింటినీ కలిపాం. ఊహ చేసే పని అంతే అంటాడు. కలపగలదు, విడదీయగలదు, పెంచగలదు, తగ్గించగలదు. అసలు సరుకు మాత్రం మన అనుభవం నుంచే రావాలి. పుట్టుగుడ్డికి ఎరుపు రంగు అంటే ఏమిటో ఎంత వర్ణించినా ఊహకు రాదు.

ఈ మాట నిజమని నాకు నా మీదే రుజువైంది. కీట్స్ 1819లో నైటింగేల్ పక్షి మీద రాసిన పద్యాన్ని మొదటిసారి చదివినప్పుడు నా చెవిలో కోయిల కూసింది. నైటింగేల్ మన వైపు కనబడే పక్షి కాదు. గోధుమరంగులో పిచ్చుక కన్నా కొంచెం పెద్దదిగా ఉంటుంది, వసంతంలో రాత్రిపూట కూడా పాడుతుంది. నాకు ఆ పాట తెలియదు కాబట్టి నా మనసు తన దగ్గరున్న కోయిలను తెచ్చి అక్కడ కూర్చోబెట్టింది. పద్యం నాకు బాగా అర్థమైందనే అనుకున్నాను. ఒక ఇంగ్లాండు తోటలో మా ఊరి మామిడిచెట్టు మీద పక్షి కూస్తోందని నాకు తెలియనే లేదు.

హ్యూమ్ మాట నిజమైతే కవులకు కష్టమే కదా. కొత్త సరుకేదీ లేకుండా పాత సరుకును అటూ ఇటూ మార్చేవాడు మాత్రమే కవి అవుతాడు. దీనికి ఒప్పుకోని తరం ఒకటి ఇంగ్లాండులో వచ్చింది. వాళ్లనే మనం రొమాంటిక్ కవులు, తెలుగులో కాల్పనిక కవులు అంటున్నాం. వర్డ్స్‌వర్త్, కోల్‌రిడ్జ్ కలిసి 1798లో తెచ్చిన 'లిరికల్ బాలడ్స్' అనే సంపుటితో ఆ యుగం మొదలైందని సాధారణంగా చెబుతారు. మనకూ వీళ్లతో చుట్టరికం ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో రాయప్రోలు సుబ్బారావు, దేవులపల్లి కృష్ణశాస్త్రి వంటి భావకవులు ఈ ఇంగ్లీషు కవుల్ని ఇష్టంగా చదివినవాళ్లే. 'కృష్ణపక్షం' రాసిన కృష్ణశాస్త్రిని ఆంధ్రా షెల్లీ అని పిలవడం పెద్దలందరికీ తెలుసు.

కోల్‌రిడ్జ్ 1817లో అచ్చయిన తన పుస్తకంలో ఊహను రెండుగా విడదీశాడు. ఒకటి ఉత్త కల్పన. ఉన్న వస్తువుల్ని కొత్త వరుసలో పేర్చడం దాని పని. బంగారు కొండ లాంటిదన్నమాట. రెండోది అసలైన భావనాశక్తి. అది వస్తువుల్ని కరిగించి, కలిపి, మళ్లీ ప్రాణంతో పుట్టిస్తుంది. పిండి, బెల్లం పక్కపక్కన పెడితే అరిసె కాదు, పాకం కుదరాలి అని మా సార్ చెప్పారు. కోల్‌రిడ్జ్ చెప్పదలచుకున్నది అదేనని నేను అర్థం చేసుకున్నాను.

కాని అదే కోల్‌రిడ్జ్ అంతకు పదిహేనేళ్ల ముందు, 1802లో, దిగులు మీద ఒక పద్యం రాశాడు. అందులో ఆకాశం, నక్షత్రాలు, చంద్రుడు ఎంత అందంగా ఉన్నాయో తనకు కనబడుతూనే ఉందని, కాని ఆ అందం తన లోపలికి రావడంలేదని బాధపడతాడు. ప్రకృతికి మనం ఇచ్చిందే మనం తిరిగి పుచ్చుకుంటామని అక్కడ ఆయనకు తోస్తుంది. ఈ మాటకు రెండువైపులా పదునుంది. లోకానికి అందం ఇచ్చేది మనసే అయితే మనసు చాలా గొప్పది. మరి, మనం ఇచ్చిందే మనకు దొరుకుతుంటే, లోకం గురించి మనకు ఏం తెలిసినట్టు?

వర్డ్స్‌వర్త్‌కు కూడా ఇదే ఇబ్బంది వచ్చింది. 1798లో, అయిదేళ్ల తర్వాత వై నది ఒడ్డుకు మళ్లీ వెళ్లి రాసిన పద్యంలో, మనసు నెమ్మదించినప్పుడు వస్తువుల లోపలి ప్రాణం మనకు కనబడుతుందని ధైర్యంగా చెప్పాడు. చెప్పిన వెంటనే, ఒకవేళ ఈ నమ్మకం వట్టిదేనేమో అని తానే ఒక అడుగు వెనక్కి వేశాడు. పద్యం ఆగిపోలేదు, ఆ అనుమానాన్ని వెంటబెట్టుకునే ముందుకు నడిచింది.

వీళ్ల తర్వాతి తరంలో షెల్లీ వచ్చాడు. హ్యూమ్‌ను చదివినవాడు. నాస్తికత్వం మీద చిన్న పుస్తకం వేసినందుకు 1811లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి బయటికి పంపబడ్డాడు. 1816 జూలైలో, ఇరవై మూడేళ్ల వయసులో, ఆల్ప్స్ పర్వతాల్లో మోంబ్లాంక్ శిఖరాన్ని చూసి ఒక పద్యం రాశాడు. అది నాలుగువేల ఎనిమిదివందల మీటర్లకు పైగా ఎత్తున్న మంచుకొండ. ఆ శిఖరం మీద, చూసేవాళ్లు ఎవరూ లేని చోట, చప్పుడు లేకుండా మంచు కురుస్తూ ఉంటుందని ఆయన వర్ణించాడు. చూసేవాళ్లే లేనప్పుడు షెల్లీ ఎలా చూశాడు? ఊహతోనే. ఆ సంగతి ఆయనకూ తెలుసు. అందుకే పద్యాన్ని ప్రశ్నతో ముగించాడు. ఆ నిశ్శబ్దం మనిషి ఊహకు వట్టి ఖాళీగా తోస్తే, అప్పుడు ఈ కొండ ఏమిటి, ఈ భూమి ఏమిటి, ఈ సముద్రం ఏమిటి అని కొండనే అడుగుతాడు. మన ఊహే కొండకు అర్థం ఇస్తోందని గర్వంగా అన్న మాటలా దీన్ని చదవవచ్చు. మన ఊహ లేకపోతే ఇదంతా ఏమీ కాదేమోనన్న భయంగా కూడా చదవవచ్చు. రెండింటిలో ఏదో షెల్లీ తేల్చలేదు.

కొండకు మన ఊహ తప్పయినా నష్టం లేదు. అది బాధపడదు. మనిషి గురించి ఊహించినప్పుడే చిక్కు వస్తుంది. అందుకే నాకు వీళ్లందరిలో కీట్స్ దగ్గరివాడనిపించాడు.

కీట్స్ 1795లో లండన్‌లో పుట్టాడు. ఎనిమిదేళ్లకు తండ్రి పోయాడు, పద్నాలుగేళ్లకు తల్లి క్షయతో పోయింది. వైద్యం నేర్చుకుని, లండన్‌లోని గైస్ ఆసుపత్రిలో చదివి, 1816లో వైద్యం చేసేందుకు లైసెన్సు కూడా తెచ్చుకున్నాడు. కవిత్వం కోసం ఆ వృత్తి వదిలేశాడు. 1818 డిసెంబరు 1న తమ్ముడు టామ్ పంతొమ్మిదేళ్లకే క్షయతో చనిపోయాడు. పక్కన ఉండి సేవ చేసింది కీట్సే. ఆ తర్వాతి వసంతంలో, హాంప్‌స్టెడ్‌లో స్నేహితుడు బ్రౌన్ ఇంట్లో ఉన్నప్పుడు, ఇంటి దగ్గర ఒక నైటింగేల్ గూడు కట్టింది. ఒకరోజు పొద్దున కీట్స్ కుర్చీ తీసుకుపోయి ప్లమ్ చెట్టు కింద రెండు మూడు గంటలు కూర్చుని, చేతిలో కొన్ని కాగితం ముక్కలతో లోపలికి వచ్చాడని బ్రౌన్ తర్వాతి కాలంలో రాశాడు. ఆ ముక్కల మీద ఉన్నదే ఈ పద్యం.

పద్యంలో జరిగేది ఇది. పక్షి పాట వింటూ కవి ఈ లోకపు జబ్బులు, ముసలితనం, పాలిపోయి చిక్కి చనిపోయే కుర్రతనం అన్నీ మరిచిపోయి, ఊహ రెక్కలతో పక్షి దగ్గరికి ఎగిరిపోవాలనుకుంటాడు. కుర్రతనం చనిపోతోందన్న చోట టామ్ గుర్తుకు రాకుండా ఎవరూ చదవలేరు. తర్వాత చీకటి అడవిలో ఉన్నట్టు చెబుతాడు. తన కాళ్ల దగ్గర ఏ పూలున్నాయో తనకు కనబడడంలేదంటాడు. వాసనను బట్టి ఒక్కొక్కటీ ఏ పువ్వో అంచనా వేస్తాడు. ఈ చోటు నాకు చాలా నచ్చింది. రవి చూడనిది చూశానని ఈ కవి చెప్పుకోలేదు. కనబడటంలేదు, వాసన వస్తోంది, ఇదేమో అనుకుంటున్నాను అన్నాడు. ఊహ ఇంత నిజాయితీగా కూడా ఉండవచ్చు.

ఆ తర్వాత ఈ పాట చావులేనిదని, పూర్వం రాజులూ విదూషకులూ కూడా దీన్నే విన్నారని చెప్పి, బైబిల్లోని రూతును తలుచుకుంటాడు. రూతు మోయాబు దేశపు అమ్మాయి. భర్త చనిపోతే, అత్త నయోమిని వదలకుండా ఆమె వెంట బేత్లెహేముకు వచ్చి, బోయజు పొలంలో పరిగె ఏరుకుని బతికింది. ఆమె పుట్టినూరి మీద బెంగతో పరాయి చేలో నిలబడి ఏడుస్తుంటే, ఈ పాటే ఆమె గుండెలోకి కూడా పోయి ఉంటుందంటాడు కీట్స్. చాలా అందమైన చోటు. మా సార్ చదువుతుంటే తరగతి అంతా నిశ్శబ్దం అయిపోయింది.

ఇంటికి పోయి బైబిల్లో రూతు గ్రంథం చదివాను. చిన్నదే, నాలుగు అధ్యాయాలు. దారిలో విడిపోవాల్సి వచ్చినప్పుడు రూతు ఏడ్చింది. కాని పొలంలో ఏడ్చినట్టు ఎక్కడా లేదు. పైగా ఇకమీదట అత్త వాళ్లే తన వాళ్లని ఆమె అంతకుముందే గట్టిగా చెప్పేసింది. పొలంలోని కన్నీళ్లు కీట్స్ ఇచ్చినవి. మళ్లీ పద్యం తీసి చూస్తే ఇంకొకటి కనబడింది. ఆ పాటే రూతు కూడా విన్నదేమో అన్న చోట కీట్స్ "బహుశా" అనే మాట పెట్టాడు. రూతు దిగులుకు మాత్రం "బహుశా" పెట్టలేదు. పక్షి గురించి సందేహం ఉంది, మనిషి మనసు గురించి లేదు!

ఇది చదివినప్పుడు నాకు మా అవ్వ గుర్తుకు వచ్చింది. మేముండేది తమిళనాడులో, హోసూరు వైపు. ఒక పెళ్లికి ఆంధ్రా నుంచి వచ్చిన పెద్దాయన, చాలా మంచి మనిషి, మా అవ్వ చేతులు పట్టుకుని, "పరాయి రాష్ట్రంలో ఎంత బెంగగా ఉంటుందో కదమ్మా మీకు" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. అవ్వ నవ్వేసింది. "పరాయిదేందయ్యా? మా తాత తవ్విచ్చిన బాయి ఈడనే ఉండాది. మీ ఊరే నేను చూడలే. ఆడికొస్తే నాకు పరాయి ఊరు" అంది. ఆయన నమ్మినట్టు లేదు. ఆమె బాధను దాచుకుంటోందని అనుకున్నారు.

ఆయన పోయాక అవ్వ నాతో ఇంకో మాట అంది. "నాకు కష్టం లేదని కాదురా. బస్సు మింద ఊరిపేరు చదవను రాదు. ఎవరినన్నా అడుక్కోవాల. ఆయన అడిగుంటే అది చెప్పేదాన్ని." ఆయన ఊహించిన బాధ అవ్వకు లేదు. అవ్వకు ఉన్న బాధ ఆయన ఊహకు రాలేదు. ఒక లేని బాధను తెచ్చి ముందు నిలబెడితే, ఉన్న బాధ దాని వెనక కనబడకుండా పోయింది. ఇందులో ఆయన మనసు చెడ్డది కాదు. ఆయన మనసుకు ఒక్క "బహుశా" తక్కువైంది, అంతే.

హ్యూమ్‌కు స్నేహితుడైన ఆడమ్ స్మిత్ 1759లో నీతి భావాల మీద రాసిన పుస్తకంలో ఈ సంగతి ఉంది. అర్థశాస్త్రం పాఠంలో మనం చదువుకునే స్మిత్ ఈయనే. ఇంకొకరి అనుభవం నేరుగా మనకు ఎప్పుడూ అందదని ఆయన మొదట్లోనే చెప్పాడు. మన సొంత అన్నదమ్ముడే హింసపడుతున్నా, ఆ నొప్పి మన ఒంటికి రాదు. ఆ స్థితిలో మనం ఉంటే ఎలా ఉంటుందో ఊహించుకుంటాం, ఆ ఊహే జాలి అవుతుంది. కొన్నిసార్లు అవతలివాడికి లేని బాధను కూడా మనం పడతాం. మతి తప్పినవాడు నవ్వుతూ పాడుతూ ఉండవచ్చు, చూసేవాళ్ల గుండె మాత్రం బరువెక్కుతుంది అంటాడు స్మిత్. ఆ బరువు మనదే.

మా తరగతిలో ఈ విషయం మీద మాట్లాడుకున్నప్పుడు ఒక స్నేహితురాలు గట్టి ప్రశ్న వేసింది. "ఊహ ఇంత మోసం చేస్తుందని తెలిశాక దాన్ని పట్టుకుని వేలాడటం ఎందుకు? కళ్లకు కనబడింది నమ్ముదాం, మిగిలింది వదిలేద్దాం. సైన్సు చదువుకుంటే చాలదా?" అని. న్యాయమైన ప్రశ్నే. కాని దానికి జవాబు హ్యూమ్ దగ్గరే దొరుకుతుంది. తరగతి తలుపు మూసి బయటికి వచ్చాక లోపల బల్ల ఇంకా ఉందని మనం నమ్ముతాం. ఎవరూ చూడటంలేదు కదా! పొద్దున చూసినదానికీ సాయంత్రం చూసేదానికీ మధ్యనున్న ఖాళీని పూడ్చేది ఊహేనని హ్యూమ్ అన్నాడు. ఊహను పూర్తిగా తీసేస్తే కవిత్వం ఒక్కటే పోదు, మనం రోజూ నమ్ముకునే లోకమే ముక్కలవుతుంది. ఇంత అనుమానించిన హ్యూమ్ కూడా, ఆలోచించి ఆలోచించి దిక్కుతోచనప్పుడు స్నేహితులతో భోంచేసి, పాచికలాట ఆడి, కబుర్లు చెప్పుకుంటే ఆ చీకటి తనంతట తానే విడిపోతుందని రాసుకున్నాడు. సంశయంతో ఎవరూ పూర్తిగా కాపురం చేయలేరు.

జాలి విషయంలోనూ అంతే. నాకు నీ బాధ తెలియదు కాబట్టి నేను పట్టించుకోను అని ఒకడు అంటే, వాడు సంశయవాదాన్ని తన బద్ధకానికి దుప్పటిలా కప్పుకున్నట్టే. ఊహించకపోతే నేను వేపచెట్టు దాకా కూడా వెళ్లేవాణ్ని కాదు. ఊహ నన్ను అక్కడిదాకా తీసుకుపోయింది. అక్కడ ఆగి అడగాల్సింది. నేను ఆగలేదు.

కీట్స్ ఆగాడు. పద్యం చివరికి వచ్చేసరికి ఒంటరితనాన్ని చెప్పే ఒక్క మాట గంటలా మోగి ఆయన్ని తన దగ్గరికి తాను తెచ్చుకుంటుంది. ఊహ చాలా బాగా మోసం చేస్తుందని దానికి పేరే గాని అంత బాగా చేయలేదని ఒప్పుకుంటాడు. పక్షి పాట పొలాలు దాటి, వాగు దాటి, కొండ దాటి దూరమైపోతుంది. తాను చూసింది దర్శనమా, మెలకువలోని కలా అని అడిగి, తానిప్పుడు మేలుకుని ఉన్నాడా, నిద్రలో ఉన్నాడా అన్న ప్రశ్నతో ఆపేస్తాడు. రూతు దగ్గర పెట్టని "బహుశా"ను చివర పద్యం మొత్తానికీ పెట్టాడు. ఇది నా సొంత అర్థం. సార్ ఒప్పుకోలేదు, కాదని కూడా అనలేదు.

ఈ గుణానికి కీట్స్ అంతకుముందే ఒక పేరు పెట్టుకున్నాడు. 1817 నవంబరులో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో, కిటికీ ముందు పిచ్చుక వాలితే తాను కూడా దాని బతుకులో పాలుపంచుకుని కంకర్రాళ్ల మధ్య గింజలు ఏరుకుంటానని రాశాడు. ఊహ మీద అంత నమ్మకం. సుమారు నెల తర్వాత, డిసెంబరులో, తమ్ముళ్లకు రాసిన ఉత్తరంలో గొప్ప కవికి కావలసిన శక్తి ఏమిటో చెప్పాడు. తేలని సంగతుల మధ్య, సందేహాల మధ్య, చిరాకుపడి ఏదో ఒక జవాబును గుంజుకోకుండా నిలబడగలగడం. షేక్స్‌పియర్‌కు ఆ శక్తి చాలా ఉందన్నాడు. పిచ్చుకతో కలిసి గింజలు ఏరగలిగిన మనిషే, పిచ్చుక గురించి తనకంతా తెలుసనే తొందర లేకుండా ఉండాలని కోరుకున్నాడు. నాకు ఈ రెండు ఉత్తరాలూ ఒకదానికొకటి ఎదురుగా కనబడటంలేదు. మొదటిది వెళ్లడం నేర్పుతుంది, రెండోది ఆగడం నేర్పుతుంది. రెండూ తెలిసినవాడు 1821 ఫిబ్రవరి 23న రోములో, ఇరవై అయిదేళ్లకే, తమ్ముడి జబ్బుతోనే పోయాడు.

నా మిత్రుడి సంగతి చెప్పి ముగిస్తాను. వాడి అనుమతితోనే రాస్తున్నాను, పేరు మాత్రం వద్దన్నాడు. ఒక సాయంత్రం బస్సు కోసం నిలబడి ఉన్నప్పుడు, "ఆ రోజు తెలుసు అన్నాను గాని నాకు తెలియదురా. నీకు ఎట్లుంది?" అని అడిగాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నాకు ఏడుపు రావడంలే. అందరూ నేను ఏడుస్తానని చూస్తాండారు. రాకపోతే నేను చెడ్డోడినేమో అని భయంగా ఉంది" అన్నాడు.

నేను ఊహించినదంతా వాడి కన్నీళ్ల గురించే. వాడి బాధ కన్నీళ్లు రాకపోవడం. పొలంలో రూతుకు కీట్స్ ఇచ్చినట్టే నేను కూడా వాడికి లేని కన్నీళ్లు ఇచ్చాను. ఎంత ఊహించినా ఈ మాట నాకు తోచేది కాదు. అడిగితేనే వచ్చింది.

రవి చూడనిది కవి చూస్తాడన్న మాటను నేను వదిలేయలేదు. ఈసారి వక్తృత్వ పోటీలో కూడా దానితోనే మొదలుపెడతాను. కాని ముందు ఒక చిన్న మాట చేరుస్తాను. బహుశా చూస్తాడు. చూశాక, చూసింది నిజమేనా అని అడుగుతాడు. అలా అడిగినవాడి మాటే నేను నమ్ముతాను.